మొదలుపెట్టేవాళ్ళంటే ఎవరు? ఒక పైథాన్ పుస్తకం గురించి మనవాళ్ళ మాట

ప్రోగ్రామింగ్ నేర్పే పుస్తకాల గురించి పాఠకులు చెప్పే అభిప్రాయాల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది: "ఏమీ రానివాళ్ళకు కూడా అర్థమవుతుంది." ఆ మాట అనేది పుస్తకం చివరిదాకా చదివినవాళ్ళు. పదో పేజీలో ఆగిపోయి, "ఇది మనవల్ల కాదులే" అని పక్కన పెట్టినవాళ్ళు ఎక్కడా ఏమీ చెప్పరు. వాళ్ళనెవరూ అడగరు కూడా. అలా ఆగిపోయినవాళ్ళు మన వాడల్లో, మన సంక్షేమ హాస్టళ్ళలో చాలామంది ఉన్నారు.

అందుకే మా ఆదివారం స్టడీ సర్కిల్‌లో ఒకే పుస్తకాన్ని అందరం కలిసి చదివాం. డిగ్రీ, పాలిటెక్నిక్ చదివే విద్యార్థులు, సమాచార హక్కు దరఖాస్తులు వేసే కార్యకర్తలు ఇందులో ఉన్నారు. దాదాపు అందరూ తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం. పుస్తకం బాగుందా లేదా అని మేము అడగలేదు. "ఎక్కడ ఆగావు? ఎందుకు ఆగావు?" అని అడిగాం. వచ్చిన జవాబులు పుస్తకం గురించి ఎంత చెప్పాయో, 'బిగినర్' అనే మాట వెనక ఎవరిని ఊహించుకుంటున్నారో కూడా అంతే చెప్పాయి.

ఏ పుస్తకం, ఎందుకు?

మేము తీసుకున్నది ఆల్ స్వైగార్ట్ రాసిన 'ఆటోమేట్ ద బోరింగ్ స్టఫ్ విత్ పైథాన్'. అమెరికాలో నో స్టార్చ్ ప్రెస్ 2015లో వేసింది. 2019లో రెండో ముద్రణ వచ్చింది. మేము చదివింది అదే. పైథాన్ అనేది గిడో వాన్ రోసమ్ తయారుచేసి 1991లో బయటపెట్టిన కంప్యూటర్ భాష. ఇప్పుడు సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో నేర్పేది కూడా ఇదే.

ఈ పుస్తకాన్నే ఎంచుకోవడానికి రెండు కారణాలు. ఒకటి, రచయితే దీన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకునేలా పెట్టారు. రెండు, ఇది ఇంజనీర్ల కోసం రాసింది కాదు. ఆఫీసు పనులు చేసుకునేవాళ్ళ కోసం రాసింది. ఎక్సెల్ షీట్లు, పీడీఎఫ్‌లు, వందల ఫైళ్ళు, ఈమెయిళ్ళు - వీటితో చేతులు నొప్పెట్టేలా చేసే పనిని ప్రోగ్రాముకు అప్పగించడం ఎలాగో చెబుతుంది. ఉద్యమంలో పనిచేసేవాళ్ళకు ఆ నొప్పి బాగా తెలుసు.

అందరికీ నచ్చింది ఏమిటి?

పుస్తకంలో మొదటి పూర్తి ప్రోగ్రాము చాలా చిన్నది. "నీ పేరేమిటి?" అని అడుగుతుంది. పేరు టైపు చేస్తే పలకరించి, అందులో ఎన్ని అక్షరాలున్నాయో చెబుతుంది. తర్వాత వయసు అడిగి, వచ్చే ఏడాదికి ఎంత అవుతుందో చెబుతుంది. అంతే.

డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒకమ్మాయి దీని గురించి అన్నమాట మాకు గుర్తుండిపోయింది. "అద్దెకు గది అడిగినా, బస్సులో పక్కన కూర్చున్నా పేరు అడిగినవాళ్ళు పేరుతో ఆగరక్కా. ఇంటిపేరేంటి, ఊళ్ళో ఎక్కడ ఉంటారు అని లాగుతూనే ఉంటారు. ఇది పేరడిగి అక్షరాలు లెక్కపెట్టి ఊరుకుంది." అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో చదివేవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

అయితే యంత్రానికి కులం లేదని మురిసిపోనక్కర్లేదు. ఆ యంత్రాలు తయారుచేసే ఆఫీసుల్లో కులం ఉంది. కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వ విభాగం ఒకటి 2020లో ఒక పెద్ద టెక్నాలజీ కంపెనీ మీద కుల వివక్ష ఆరోపణతో కోర్టుకు వెళ్ళిన సంగతి తెలిసిందే. ప్రోగ్రాము అడగని ప్రశ్నను మనుషులు అడుగుతారు. ఇక్కడ ఆ అమ్మాయి చెప్పింది వేరే సంగతి: తప్పు చేసినా ఎవరూ ఎగతాళి చేయని చోట నేర్చుకోవడం ఎలా ఉంటుందో ఆమె మొదటిసారి చూసింది.

పుస్తకంలో అందరూ మెచ్చుకున్న ఇంకో సంగతి కూడా దీనికి దగ్గరదే. ఎర్రర్ వస్తే కంప్యూటర్ పాడవదు, భయపడొద్దు అని రచయిత మొదట్లోనే చెబుతారు. కంప్యూటర్ ల్యాబ్‌లో "ముట్టుకోకు, పాడవుద్ది" అనే మాట విని పెరిగినవాళ్ళకు ఈ ఒక్క భరోసా పది పేజీల పాఠంతో సమానం. మేము దానికి ఒక సూత్రం జోడించుకున్నాం: ఎర్రర్ వచ్చినప్పుడు చివరి లైను ముందు చదవాలి. అసలు సంగతి సాధారణంగా అక్కడే ఉంటుంది. ఏ లైనులో తప్పు జరిగిందో దాని పైన ఉంటుంది.

ఎక్కడ ఆగిపోయారు?

మొదటి అడ్డంకి మొదటి పాఠానికి ముందే వచ్చింది. 'మీ కంప్యూటర్‌లో పైథాన్ ఇన్‌స్టాల్ చేసుకోండి' అనే దగ్గర. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే 75వ దఫా లెక్క ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు పట్టణాల్లో 23.4 శాతం, గ్రామాల్లో 4.4 శాతం. మా సర్కిల్‌లో ఎక్కువమందికి ఉన్నది ఫోన్ ఒక్కటే. పుస్తకం వాళ్ళ కోసం ఆలోచించలేదు. ఫోన్‌లో పైడ్రాయిడ్ లాంటి యాప్ వేసుకుని, లేదా బ్రౌజర్‌లో గూగుల్ కోలాబ్ తెరుచుకుని మేము ముందుకు వెళ్ళాం. దానితో తొలి అధ్యాయాలు, ఎక్సెల్ అధ్యాయం సాగిపోతాయి. మౌసును, కీబోర్డును ప్రోగ్రాముతో నడిపే చివరి అధ్యాయం మాత్రం కంప్యూటర్ లేకుండా కుదరదు.

ఫోన్‌తో ఇంకో చిక్కు. పైథాన్‌లో లైను మొదట్లో వదిలే ఖాళీకి అర్థం ఉంటుంది. ఒక షరతు కిందికి ఏ లైన్లు వస్తాయో ఆ ఖాళీయే చెబుతుంది. మామూలుగా నాలుగు స్పేసులు వదులుతారు. చిన్న తెర మీద ఒక స్పేసు తగ్గితే కనపడదు, ప్రోగ్రాము ఆగిపోతుంది. అలాగే వాట్సాప్‌లో స్నేహితులు పంపిన ప్రోగ్రామును కాపీ చేస్తే, ఫోన్ కీబోర్డు కొన్నిసార్లు మామూలు కొటేషన్ గుర్తులను వంకర గుర్తులుగా మార్చేసి ఉంటుంది. కంటికి రెండూ ఒకటే. పైథాన్‌కు కాదు. పాలిటెక్నిక్ చదివే ఒక తమ్ముడు దీనివల్లే రెండు రోజులు కుస్తీపట్టి, "నాకే బుర్ర లేదనుకున్నా అన్నా" అన్నాడు. తప్పు కీబోర్డుది. నింద తన మీద వేసుకున్నాడు. ఇలాంటి చోటే చాలామంది చదువు ఆపేస్తారు.

రెండో అడ్డంకి 'స్పామ్'. పుస్తకమంతా ఉదాహరణల్లో స్పామ్, ఎగ్స్, బేకన్ అనే పేర్లు వస్తుంటాయి. "స్పామ్ అంటే కమాండా అన్నా? ఫోన్‌కు వచ్చే చెత్త మెసేజా?" అని అడిగారు. రెండూ కాదు. మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య బృందం పేరే ఈ భాషకు పెట్టారు. వాళ్ళు 1970లో వేసిన ఒక హాస్య సన్నివేశంలో డబ్బాలో అమ్మే స్పామ్ అనే మాంసం పేరు పదేపదే వస్తుంది. అదొక సరదా. కానీ ఆ సరదా తెలిసినవాళ్ళకే సరదా. తెలియనివాళ్ళు దాన్ని పాఠంలో భాగమనుకుని, దానికి అర్థం వెతుకుతూ అలసిపోతారు. రచయిత ఎక్కడినుంచి తీసుకున్నారో చెప్పారు, ఆయన ఉద్దేశంలో తప్పు లేదు. ఒక సమాజానికి ఇంట్లో మాటైనది ఇంకో సమాజానికి గోడ అవుతుందని మాత్రం మేము ఇక్కడ చూశాం. మన బడి పుస్తకాల్లో అగ్రకుల ఇళ్ళ పండుగలు, వంటలు 'అందరికీ తెలిసినవే' అన్నట్టు వచ్చినప్పుడు మన పిల్లలకు జరిగేదీ ఇదే.

దీనికి మందు సులభం. నిజానికి స్పామ్ అనేది ఒక విలువకు పెట్టుకున్న పేరు, వేరియబుల్. ఏ పేరైనా పెట్టుకోవచ్చు. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. ఈ మూడు లైన్లు వేసి చూడండి:

కూలి = 300
రోజులు = 26
కూలి * రోజులు

7800 అని వస్తుంది. పైథాన్ తనకోసం ఉంచుకున్న ఇంగ్లీషు మాటలు 35 మాత్రమే. అవి, ప్రింట్ లాంటి కొన్ని పనిముట్ల పేర్లు గుర్తుంటే చాలు. మిగతా పేర్లన్నీ మనవే కావచ్చు. పెద్ద ప్రోగ్రాములు పది మందితో పంచుకునేటప్పుడు ఇంగ్లీషు పేర్లే వాడతారు, అది తర్వాత నేర్చుకోవచ్చు. తెలుగు పేర్లతో రాసిన రోజు మా సర్కిల్‌లో అంతవరకు నోరు విప్పని ఇద్దరు ప్రశ్నలు అడిగారు.

మూడో అడ్డంకి వయసు దగ్గర. "పద్దెనిమిదికి ఒకటి కలపమంటే ఎర్రర్ ఏంటి? అంకే కదా?" అని గొడవ. కీబోర్డు నుంచి వచ్చిందేదైనా పైథాన్ ముందు రాతగానే తీసుకుంటుంది. అర్జీలో ఆదాయం గడిలో మనం రాసినది గుమస్తా లెక్కవేసేదాకా కాగితం మీద సిరా మాత్రమే, అలాంటిదే ఇది. దాన్ని అంకెగా మార్చమని 'ఇంట్' అనే పనిముట్టుతో మనమే చెప్పాలి. ఇంకో మెలిక ఉంది. 60,000 అని కామాతో రాస్తే అది కూడా ఒప్పుకోదు, కామా తీసేయాలి. ప్రభుత్వ పట్టికల్లో 1,50,000 లాంటి కామాలు అడుగడుగునా ఉంటాయి కాబట్టి కార్యకర్తలకు ఇది రోజూ ఎదురయ్యే సంగతి.

జాబితాలో లెక్క సున్నా నుంచి మొదలవడం కూడా చాలామందికి మింగుడుపడలేదు. హాజరు పట్టీలో ఒకటో నంబరు విద్యార్థి జాబితాలో సున్నా దగ్గర ఉంటాడు. ఆ సంఖ్య వరుస సంఖ్య కాదు, మొదటి నుంచి ఎంత దూరంలో ఉన్నాడో చెప్పే కొలత అనుకుంటే తేలికవుతుంది. మొదటివాడు మొదటి నుంచి సున్నా అడుగుల దూరంలో ఉన్నాడు.

అంబేద్కర్ పేరులో ఎన్ని అక్షరాలు?

పేరులో అక్షరాలు లెక్కపెట్టే ప్రోగ్రాములో ఒకమ్మాయి తన పేరుకు బదులు అంబేద్కర్ అని తెలుగులో టైపు చేసింది. 9 అని వచ్చింది. మనం బడిలో నేర్చుకున్నట్టు లెక్కపెడితే అం, బే, ద్క, ర్ - నాలుగే. ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో ఇస్తే 8 వచ్చింది, అది సరిపోయింది. "ఇంగ్లీషుకు సరిగ్గా చెప్పి తెలుగుకు తప్పెందుకు చెబుతోంది?" అని ప్రశ్న.

పైథాన్ తప్పు చెప్పలేదు. అది లెక్కపెట్టేది మనం అనుకునే అక్షరాన్ని కాదు, యూనికోడ్ సంకేతాలను. ప్రపంచ భాషల లిపులన్నిటికీ గుర్తుకో సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో అ ఒకటి, సున్న ఒకటి, బ ఒకటి, ఏత్వం ఒకటి, ద ఒకటి, దాని పొల్లు ఒకటి, క ఒకటి, ర ఒకటి, దాని పొల్లు ఒకటి - మొత్తం తొమ్మిది. ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఒక సంకేతం కాబట్టి తేడా కనిపించదు. పుస్తకంలో ఆ మొదటి ఉదాహరణ ఇంగ్లీషు పేరును మనసులో పెట్టుకుని రాసింది.

ఇది చిన్న ముచ్చటలా ఉంటుంది గానీ పనిలో దెబ్బతీస్తుంది. తెలుగు పేర్ల జాబితాలో మొదటి పది సంకేతాలే ఉంచమని ప్రోగ్రాము రాస్తే పేరు గుణింతం మధ్యలో తెగిపోతుంది. పీడీఎఫ్‌ల దగ్గర చిక్కు ఇంకా పెద్దది. పీడీఎఫ్ నుంచి రాతను బయటకు తీయడం పుస్తకం నేర్పుతుంది. సమాచార హక్కు కింద వచ్చిన జవాబు మీద మా కార్యకర్త ఒకరు ఆ పద్ధతి వాడితే ఏమీ రాలేదు. ఎందుకంటే అది స్కాన్ చేసిన కాగితం, అంటే బొమ్మ. ఇంకో ఫైలులో పిచ్చి గుర్తులు వచ్చాయి. అది యూనికోడ్‌కు ముందునాటి అను ఫాంట్ల లాంటి వాటితో టైపు చేసినది. వాటిలో కంటికి తెలుగు కనిపించినా లోపల ఉన్నది తెలుగు సంకేతాలు కాదు. బొమ్మలోంచి రాతను చదివే టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు తెలుగు వచ్చు. తప్పులు చేస్తుంది, పక్కన కూర్చుని సరిచూసుకోవాలి. తెలుగులో పనిచేసేవాళ్ళ కోసం రాసిన పుస్తకమైతే ఈ సంగతి మొదటి పాఠాల్లోనే వచ్చేది.

మన లెక్క మనమే వేసుకుంటే

ఈ పుస్తకంలో పిల్లుల పేర్ల జాబితాలున్నాయి, ఆటలున్నాయి. పాఠం అర్థమయ్యాక వాటి స్థానంలో మనకు కావలసిన లెక్కలు పెట్టుకున్నాం. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికల ప్రకారం షెడ్యూల్డ్ కులాల మీద జరిగిన నేరాల్లో నమోదైన కేసులు 2021లో 50,900, 2022లో 57,582. ఎంత శాతం పెరిగాయి? ఒక్క లైను చాలు:

(57582 - 50900) / 50900 * 100

13.12 పైచిలుకు వస్తుంది. బ్రాకెట్లు తీసేస్తే 57482 అని అర్థంలేని సంఖ్య వస్తుంది. పైథాన్ భాగహారం, గుణకారం ముందు చేసి తీసివేత తర్వాత చేస్తుంది కాబట్టి. బ్రాకెట్ల పాఠం పుస్తకంలోనూ ఉంది. కానీ ఈ లెక్కతో నేర్చుకున్నవాళ్ళు దాన్ని మరచిపోలేదు.

అసలు చర్చ ఆ తర్వాత మొదలైంది. 13 శాతం పెరుగుదల అంటే దాడులు పెరిగాయా, ఫిర్యాదు చేసే ధైర్యం పెరిగిందా, స్టేషన్లో కేసు కట్టడం పెరిగిందా? ఆ లైను అది చెప్పదు. నమోదు కాని కేసు ఏ పట్టికలోనూ ఉండదు. ప్రోగ్రాము లెక్క చేసి పెడుతుంది, లెక్క వెనక ఏముందో ఊళ్ళోకి వెళ్ళి అడగాల్సింది మనమే. ఈ తేడా తెలిసినవాళ్ళు డేటాను గుడ్డిగా నమ్మరు, గుడ్డిగా కొట్టిపారేయరు కూడా.

ఎస్సీ ఉప ప్రణాళిక నిధులు, స్కాలర్‌షిప్ బకాయిలు, హాస్టల్ మెస్ ఛార్జీలు - ఇవన్నీ పట్టికలే. జనాభా నిష్పత్తిలో నిధులు ఇవ్వాలని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. కేటాయించింది ఎంత, ఖర్చయ్యింది ఎంత అని ఏటా ప్రతి శాఖకూ చేత్తో లెక్కకట్టాలంటే వారాలు పడుతుంది. ఎక్సెల్ షీట్లు చేతికొస్తే పుస్తకం పదమూడో అధ్యాయంలో నేర్పే పద్ధతితో ఆ పని ఒక పూటలో తెమిలిపోతుంది.

పండితుల ఆక్షేపణ

ఈ పుస్తకం మీద అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లు చెప్పే లోపం ఒకటుంది. ఇది పనులు నేర్పుతుంది, కంప్యూటర్ సైన్స్ నేర్పదు. క్లాసులు, ఆబ్జెక్టుల గురించి పాఠమే లేదు అంటారు. అది నిజమే. ఇంటర్వ్యూలకు వెళ్ళాలనుకునే విద్యార్థికి ఇదొక్కటే సరిపోదు. ఆ తర్వాత ఆల్గారిథమ్‌లు, డేటా స్ట్రక్చర్లు చదవాలి. ప్రైవేటు కంపెనీల్లో రిజర్వేషన్ లేదు, అక్కడ 'ప్రతిభ' పేరుతో తలుపు వేస్తారు, కాబట్టి మన పిల్లలు సగం చదువుతో వెళ్ళకూడదు.

కానీ ఏ మెట్టు ముందు, ఏ మెట్టు తర్వాత అన్నది కూడా ఆలోచించాలి. చిన్నప్పటి నుంచి ఇంట్లో కంప్యూటర్, అడిగితే చెప్పే అన్నయ్య, ఇంగ్లీషు బడి ఉన్నవాళ్ళు మెట్లు దూకుతూ ఎక్కితే దాన్ని తెలివి అంటారు. వంకర కొటేషన్ గుర్తు దగ్గర రెండు రోజులు ఆగినవాడిని మందబుద్ధి అంటారు. ఆ తమ్ముడికి కొరత పడింది తెలివి కాదు. "కీబోర్డు మార్చి చూడు" అని చెప్పే మనిషి పక్కన లేకపోవడం. అలాంటి మనిషి దొరికిన వారంలోనే అతను కూలి లెక్క ప్రోగ్రామును తన ఊరి ఉపాధి హామీ పనులకు సరిపోయేలా మార్చుకొచ్చాడు.

మనం చేయగలిగింది

మీ హాస్టల్లో, మీ సంఘంలో ఇలాంటి సర్కిల్ మొదలుపెట్టాలనుకుంటే మా అనుభవం ఇది. ఒంటరిగా చదవమని పుస్తకం చేతికివ్వకండి. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టండి, ఒకరు టైపు చేస్తే ఒకరు చూడాలి. ఫోన్ కీబోర్డులో వంకర కొటేషన్లు రాకుండా మొదటి రోజే చూసుకోండి. స్పామ్ కనిపించిన చోటల్లా మీకు తెలిసిన పేరు పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, ఎవరు ఎక్కడ ఆగారో ఒక నోటుబుక్కులో రాయండి. మా నోటుబుక్కులో ఒకే చోట ఐదారుగురు ఆగినప్పుడల్లా, లోపం వాళ్ళలో కాదు, పాఠం అక్కడ ఏదో తెలుసనుకుని దాటేసిందని తేలింది.

ఇంకో పని కూడా మన చేతుల్లో ఉంది. ఈ పుస్తకం క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంది. రచయిత పేరు చెప్పి, అమ్ముకోకుండా, అదే లైసెన్సుతో పంచుకునేటట్టయితే అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు. అంటే పిల్లుల జాబితా తీసి హాజరు పట్టీ పెట్టుకోవచ్చు, తెలుగు అక్షరాల పాఠం చేర్చుకోవచ్చు, ఫోన్ మీద నేర్చుకునేవాళ్ళ కోసం ఒక అధ్యాయం రాసుకోవచ్చు. మా నోటుబుక్కులో పోగైన 'ఆగిన చోట్లు' ఆ పనికి తొలి ముసాయిదా అనుకుంటున్నాం. ఒక్కో అధ్యాయం తెలుగు చేస్తూ ఈ శీర్షికలోనే పెడతాం.

మీరూ ఎక్కడ ఆగిపోయారో మాకు రాయండి. పూర్తిచేసినవాళ్ళ అభిప్రాయాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. మాకు కావలసింది మీది.